తలరంగు పొట్లముపై తెలుగు హెచ్చరిక

తలవెండ్రుకలకు నల్లరంగు వేయు సరకును విక్రయించువారు దాని పెట్టె మీదను, లోపలి సీసా మీదను ఒక హెచ్చరికను ముద్రింపవలయునని మన దేశమున శాసనము కలదు. ఆ హెచ్చరిక ఇంగ్లీషునందు మాత్రమే కాక స్థానిక భాషలయందు కూడ నుండవలయునని ఆ శాసనమే చెప్పుచున్నది. 1940 నాటి ఔషధముల చట్టములో 1962లో సౌందర్యద్రవ్యములను చేర్చినప్పటినుండి ఈ సరకు ఆ చట్టము క్రిందికి వచ్చినది. హెచ్చరిక సారాంశము రెండే మాటలు: ఇందలి పదార్థములు కొందరి చర్మమునకు మంట, వాపు కలిగింపవచ్చును గనుక ముందుగా పరీక్షించి చూచుకొనవలయును, కనురెప్పల వెండ్రుకలకును, కనుబొమలకును దీనిని వాడరాదు, వాడినచో చూపు పోవచ్చును. పాఠకులు తమ యింటిలో నున్న పొట్లమును ఒకమారు త్రిప్పి చూతురు గాక. ఆ రెండు మాటలు తెలుగున కలవా? కలిగినచో, ఆ రంగు అవసరమైన వయస్సు వచ్చిన కంటికి ఆ అక్షరములు ఆనునా? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమే మేము నేడీ విషయమును గూర్చి వ్రాయుటకు కారణము.

తలరంగు వేసికొనుట తప్పని మేము చెప్పబోవుట లేదు. నెరసిన తల పెద్దరికమునకు చిహ్నమని పూర్వులు తలచినను, నేటి వ్యవహారము వేరుగా నున్నది. ఉద్యోగమునకు పోవువాడు, రెండవ పెండ్లికి సిద్ధపడువాడు, ఎన్నికలలో నిలుచువాడు, కుమార్తె వివాహమున వియ్యాలవారి యెదుట నిలువవలసిన తండ్రి, అందరును ఈ పొట్లము నాశ్రయించువారే. పట్టణములలోనే కాదు, పల్లెలలో మీసముపై మమకారము గల మోతుబరు లనేకులు నెలకొకమారు మీసమునకు రంగు పట్టింపక మానరు. ఎవరి యిష్టము వారిది. కాని తాను ఏమి పూసికొనుచున్నాడో, అది శరీరమున ఏమి చేయునో తెలిసి పూసికొనుట వేరు. ఆముదము రాచుకొన్నంత నిశ్చింతగా పూసికొనుట వేరు. ఎరువుల బస్తాపై నత్రజని యెంత, భాస్వరమెంత అని చదివి గాని కొనని రైతు, తన తలపై వేయు పొట్లమును మాత్రము చిత్రము చూచి కొనుచున్నాడు!

ఈ నల్లరంగునకు మూలము పారాఫినిలిన్‌డయమైను అను పదార్థము. పేరు పొడవు గాని వస్తువు చిన్నది. ఆరు కర్బన పరమాణువుల వలయమునకు ఎదురెదురు కొనలయందు రెండు ఎమైను శాఖలు తగిలించిన చిన్న అణువది. రాతిబొగ్గు తారునుండి వచ్చిన రసాయనముల వంశమున పుట్టినది. 1856లో లండనులో పెర్కిను అను పడుచువాడు తారు సరకుతో ఊదారంగును తయారుచేసిన పిమ్మట ఐరోపాలో రసాయన రంగుల యుగమారంభమైనది. ఆ పెర్కినునకు గురువైన హాఫ్‌మను 1863లో ఈ పారాఫినిలిన్‌డయమైను ఆమ్లజనితో కలిసినపుడు ముదురు గోధుమరంగుగా మారుటను గుర్తించెను. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, 1883లో, ఫ్రాన్సుదేశమున దానిని వెండ్రుకల రంగుగా వాడుటకు పేటెంటు పుట్టినది. 1907లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు యూజీన్ షూలేరు ఈ జాతి రంగును తయారుచేసి పారిసులోని క్షురకశాలలకు అమ్మజూపెను; 1909లో అతడు నెలకొల్పిన సంస్థయే తరువాత లోరియాలను పేర లోకమంతట వ్యాపించినది. అప్పటినుండి నేటివరకు మెరుగులెన్ని దిద్దినను, స్థిరమైన నల్లరంగునకు ఈ పదార్థమో, దీని సోదరియైన టొలూయిన్‌డయమైనో ఆధారముగా నున్నది. నూరేండ్లకు పైగా దీనికి సమానమైన ప్రత్యామ్నాయము దొరకలేదన్నచో దీని గుణమెంతటిదో తెలియగలదు.

ఇందలి కిటుకు ఏమనగా, పెట్టెలో నున్నది రంగు కాదు. శుద్ధమైన పారాఫినిలిన్‌డయమైను ఇంచుమించు తెల్లనిది. రంగు వెండ్రుకలోనే పుట్టును. వెండ్రుక పైభాగమున చేపపొలుసుల వంటి పొర యొకటి యున్నది. దాని లోపల వెండ్రుకకు బలమును, సహజమైన నలుపును ఇచ్చు గుజ్జు భాగము కలదు. సామాన్యమైన పెద్ద రంగు అణువు ఆ పొలుసులను దాటి లోపలికి చొరలేదు. పైపైన అంటుకొని నాలుగు స్నానములకు పోవును. కావున రసాయనజ్ఞులు చొరరాని పెద్ద అణువునకు బదులు చొరదగిన చిన్న ముక్కలను లోపలికి పంపి, అక్కడ వానిని జతగూర్చు ఉపాయమును కనుగొనిరి.

పెట్టెలో రెండు గొట్టములుండును. ఒకదానిలో పారాఫినిలిన్‌డయమైను, దానితో జతకూడు రిసార్సినాలు, మెటాఎమినోఫినాలు వంటి ద్రవ్యములు, వానితోపాటు అమ్మోనియా ఉండును. రెండవదానిలో ఆమ్లజనిని విడుచు హైడ్రొజను పెరాక్సైడు. ఈ పెరాక్సైడును 1818లో థెనారు అను ఫ్రెంచివాడు కనుగొనెను. రెండును కలిపి తలకు పట్టించినపుడు అమ్మోనియాలోని క్షారగుణము వెండ్రుకను ఉబ్బజేసి పొలుసులను ఎత్తును. చిన్న అణువులు లోపలికి దూరును. అక్కడ పెరాక్సైడు పారాఫినిలిన్‌డయమైను నుండి ఉదజనిని లాగివేయగా క్వినోన్‌డైఇమీను అను మిక్కిలి చురుకైన పదార్థ మేర్పడును. అది ఊరకుండునది కాదు. ప్రక్కనున్న జతద్రవ్యమును పట్టుకొని పెద్ద అణువుగా మారును. రిసార్సినాలుతో కలిసిన ఆకుపచ్చ చాయ గల గోధుమరంగు, మెటాఎమినోఫినాలుతో కలిసిన ఎఱ్ఱచాయ గల గోధుమరంగు, మరియొక జతద్రవ్యముతో కలిసిన నీలిరంగు పుట్టును. ఈ చాయలను పాళ్ళు తప్పకుండ కూర్చుటయే తయారీదారుని నేర్పు. పుట్టిన పెద్ద అణువు వచ్చిన దారిని మరల బయటికి పోలేదు. అందువలననే ఈ రంగు తలంటితో పోక, వెండ్రుక ఉన్నంతకాలము ఉండును. వెండ్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును గావున మూడు నాలుగు వారములలో కుదుళ్ళయందు తెలుపు బయటపడి, పొట్లము మరల విప్పవలసి వచ్చును. ఒక్క పొట్లముగా నిచ్చు పొడిరంగులలో ఈ పనికే నీరు తగిలినప్పుడు ఆమ్లజని నిచ్చు లవణమును ముందుగానే కలిపియుంచెదరు. కావున పొడి వేరు, క్రీము వేరు అని భ్రమపడ పనిలేదు.

ఈ పద్ధతి తెలిసినవానికి రెండు మూడు వాడుక సంగతులు చెప్పకయే బోధపడును. కలిపిన రంగు మిగిలినచో మరునాటికి దాచుట వ్యర్థము, పైగా అపాయము. మూతబెట్టిన సీసాలో ఆమ్లజని వాయువు కూడుకొని సీసా పగులవచ్చును. రాగి, ఇత్తడి, ఇనుప గిన్నెలలో కలుపరాదు. లోహము తగిలిన పెరాక్సైడు త్వరగా విరిగిపోవును. గాజు గిన్నెయో పింగాణియో ఉత్తమము. ఇక నేడు విరివిగా ప్రకటింపబడుచున్న “అమ్మోనియా లేని” రంగుల మాట. ఘాటు వాసన లేకుండుట నిజమే. అమ్మోనియాకు బదులు వాసన తక్కువగా నుండు మోనోఎథనొలమైను వంటి వేరొక క్షారమును వేసియుందురు. క్షారము క్షారమే. అంతకంటె ముఖ్యముగా, పారాఫినిలిన్‌డయమైను అందులో యథాతథముగా నుండవచ్చును. ముక్కునకు బాధ తగ్గినంత మాత్రమున చర్మమునకు బాధ తగ్గినదని తలచుట పొరపాటు. ప్రకటనకర్తలు కోరునది సరిగా ఆ పొరపాటునే.

ఇప్పుడు బాధను గూర్చి. వెండ్రుకలో ఆ చురుకైన క్వినోన్‌డైఇమీను ఏ పని చేయునో, చర్మమునందును ఆ పనికే పూనుకొనును. అది చర్మమాంసకృత్తులకు అంటుకొనగా, శరీరరక్షణ చేయు కణములు దానిని పరాయి శత్రువుగా భావించి గుర్తుంచుకొనును. మన చర్మమునందు ఈ పదార్థమును మార్చి నిరపాయము చేయు ఒక ఎంజైము కలదు; సాధారణముగా అది తన పని తాను చేయుచుండును. కాని అందరియందును, అన్నివేళలను అది చాలదు. ఒక్కసారి శరీరము ఆ శత్రుత్వమును నేర్చుకొన్న పిమ్మట మరచుట యనునది లేదు. పది సంవత్సరములు ఏ బాధయు లేక రంగు వేసికొన్నవాడు పదునొకండవ సంవత్సరమున ముఖము వాచి, కన్నులు మూతపడి, చెవుల వెంట రసికారుచు వైద్యుని కడకు పరుగెత్తుటకు కారణమిదియే. “ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడేల వచ్చును? తిన్న వంకాయ పడలేదేమో” అని ఇంటివారు వాదింతురు. వంకాయ నిరపరాధి. ఈ బాధ పూసిన గంటలో రాదు. ఒకటి రెండు దినములు, ఒక్కొక్కప్పుడు మూడు దినములు గడచి పైకి వచ్చును. తలచర్మము దళసరిది గావున అక్కడ స్వల్పముగా నుండి, పలుచని కనురెప్పలు, చెవులు, నుదురు, మెడ వాచుట సామాన్యము. అందుచేత రోగి తలరంగును అనుమానింపనే అనుమానింపడు. అమెరికాలోని చర్మవైద్యుల సంఘమొకటి 2006వ సంవత్సరమునకు ఈ పదార్థమునే ఆ యేటి ముఖ్యమైన అలెర్జీకారకముగా ప్రకటించినది. ఒకసారి దీనికి లోనైనవారికి కొన్ని అద్దకపు రంగులు, నొప్పి తెలియకుండ పూయు బెంజొకేను వంటి మందులు, కొన్ని సల్ఫా మందులు సైతము పడకపోవచ్చును. కావున మందు వ్రాయు వైద్యునికి ఈ సంగతి చెప్పియుంచుట మంచిది.

శాసనము చెప్పిన పరీక్ష ఇది: చెవి వెనుకనో, ముంజేతి లోపలివైపుననో కొంచెము చోటు కడిగి, వాడుటకు కలిపిన రంగునే కొద్దిగా పూసి ఆరనిచ్చి, ఇరువదినాలుగు గంటల పిమ్మట కడిగి చూడవలయును, ఈ పరీక్ష ప్రతిసారియు చేయవలయును. ఇది మంచి నియమమే గాని చాలినది కాదని మా అభిప్రాయము. బాధ రెండవ దినమునను, మూడవ దినమునను పైకి వచ్చు స్వభావము గలదైనపుడు ఒక్క దినమునకే నిర్దోషియని తీర్పు చెప్పుట తొందరపాటు. ఐరోపాలోని పెట్టెలు నలువదియెనిమిది గంటలు ఆగుమని చెప్పుచున్నవి. అక్కడి శాస్త్రజ్ఞుల సంఘము 2007లో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇట్టి స్వయంపరీక్ష తప్పుడు ధైర్యమును కలిగింపవచ్చుననియు, పదేపదే చేయు పరీక్షయే అలెర్జీని తెచ్చిపెట్టవచ్చుననియు సందేహించినది. ఆ సందేహము విలువైనదే. అయినను పరీక్షయే లేకుండ తలంతయు పూసికొనుటకంటె, రూపాయి నాణెమంత చోట ముందు చూచుకొనుట నయమని మేము తలచుచున్నాము. పరీక్షలో దురద గాని, ఎఱుపు గాని కనబడినవారు ఆ జాతి రంగును జన్మలో మరల ముట్టరాదు. “ఈసారి వేరే కంపెనీది తెత్తము” అనుట వ్యర్థము. పెట్టె మారునే గాని పదార్థము మారదు.

చూపు పోవుననుట బెదిరింపు మాట కాదు. అమెరికాలో 1933 ప్రాంతమున “లాష్ లూర్” అను పేర కనురెప్పల వెండ్రుకలకు వేయు రంగొకటి బయలుదేరినది. అందులో నున్నది ఈ పారాఫినిలిన్‌డయమైనే. దానిని వేయించుకొన్న స్త్రీల కన్నులు పుండ్లుపడినవి, కొందరికి చూపు పోయినది, ఒకరు మరణించిరి. ఆనాటి అమెరికా చట్టమునకు సౌందర్యద్రవ్యములపై అధికారమే లేదు గావున ప్రభుత్వము ఆ సరకును వెంటనే ఆపలేకపోయెను. బాధితురాలి ముఖచిత్రములను ప్రభుత్వపు శాఖవారు ప్రదర్శనకు పెట్టగా దేశమున అలజడి పుట్టి, తుదకు 1938లో క్రొత్త చట్టము వచ్చినది. కాని విచిత్రమేమనగా, అంత గొడవ జరిగిన పిమ్మట వచ్చిన ఆ చట్టమే తారుసంబంధమైన తలరంగులకు ఒక మినహాయింపును ప్రసాదించినది: పెట్టెపై హెచ్చరికయు, పరీక్షావిధానమును ముద్రించినచో చాలును, చర్మమునకు కీడు చేయునని తెలిసినను ఆ సరకును నిషేధింపరాదు. కనురెప్పల రంగులకు, కనుబొమల రంగులకు మాత్రమే ఆ మినహాయింపు లేదు. వర్తకుల పలుకుబడి శాసనసభలలో ఏ విధముగా పనిచేయునో తెలిసికొనగోరువారికి ఇది మంచి పాఠము. మన హెచ్చరిక మాటలు ఆ అమెరికా హెచ్చరిక మాటలకు మిక్కిలి దగ్గరగా నున్నవి. కావున హెచ్చరిక యనునది ఈ వ్యాపారమున అలంకారము కాదు. సరకు అంగడిలో నిలుచుటకు అది చెల్లించు మూల్యము. ఆ మూల్యమును చదువరాని అక్షరములలో చెల్లించువాడు చెల్లించినట్లా?

మీసముల సంగతి యిచ్చటనే చెప్పవలయును. మీసము క్రింద నున్నది పెదవి, పైన నున్నది ముక్కు; ఆ చర్మము తలచర్మము వలె దళసరిది కాదు. తలకు పడిన రంగు మీసమునకు పడునను నమ్మకము లేదు. కనుబొమలకు రంగు వేయుమని అడుగు పెద్దమనుష్యులును, అడిగినదే తడవుగా వేయు క్షురకులును కన్నులతో చెలగాటమాడుచున్నారు.

రాచపుండు భయము వేరొకటి. ఈ విషయమున కొందరు లేనిపోని భయము పెట్టుచున్నారు, కొందరు లేనిపోని ధైర్యము చెప్పుచున్నారు. తెలిసిన సంగతులివి. 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బ్రూస్ ఏమ్సును, అతని సహచరులును 169 స్థిరరంగులను సూక్ష్మజీవులపై పరీక్షింపగా, వానిలో 150 రంగులు ఆ జీవుల వంశబీజములలో మార్పు తెచ్చుచున్నట్లు కనబడెను. తరువాత డైఎమినోఎనిసోలు అను ఒక జతద్రవ్యము జంతువులలో రాచపుండు కలిగించునని తేలగా తయారీదారులు దానిని మానుకొనిరి. ఐరోపా సమాజము 2006లో, రక్షణను గూర్చిన రుజువులను తయారీదారులు సమర్పింపని 22 ద్రవ్యములను తలరంగులలో నిషేధించినది. పారాఫినిలిన్‌డయమైను తలపై పూయు కలపములో నూటికి రెండు పాళ్ళు మించరాదని హద్దు పెట్టినది. అనగా నేటి రంగు 1975 నాటి రంగు కాదు. అమెరికాలో 1,17,200 మంది నర్సులను 36 సంవత్సరములు వెంబడించి చూచిన పరిశోధన 2020లో వెలువడినది. సొంతముగా స్థిరరంగు వేసికొనువారిలో మొత్తముమీద రాచపుండు హెచ్చుగా కనబడలేదు గాని, కొన్ని రొమ్ముపుండ్లు, అండాశయపు పుండు, ఒక జాతి చర్మపుపుండు కొంచెము హెచ్చుగా నున్నట్లు తేలినది. అంతకు ముందు 2019లో వచ్చిన 46,709 మంది స్త్రీల పరిశోధనలో, స్థిరరంగు వాడిన నల్లజాతి స్త్రీలలో రొమ్ముపుండు నూటికి 45 వంతులు హెచ్చుగాను, తెల్లవారిలో 7 వంతులు మాత్రమే హెచ్చుగాను కనబడినది. రెండును అమెరికా స్త్రీల లెక్కలు. రంగు వేసికొనువారికందరికి రాచపుండు వచ్చుననుట ఎంత అబద్ధమో, సందేహమే లేదనుట అంత అబద్ధము.

సొంత తలకు నెలకొకమారు వేసికొనువాని సంగతి యిట్లుండగా, దినమునకు పది తలలకు వేయువాని సంగతి ఎవరికిని పట్టుట లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన రాచపుండు పరిశోధనాసంస్థ 2010లో వెలువరించిన సంపుటమున, సొంతముగా వేసికొనువారి విషయమున నిర్ణయమునకు చాలిన రుజువు లేదని చెప్పుచునే, క్షురకవృత్తి చేయువారి విషయమున మాత్రము ఆ వృత్తిలో కలుగు సంపర్కము బహుశః రాచపుండునకు కారణము కావచ్చునను తరగతిలో చేర్చినది. ముఖ్యముగా మూత్రాశయపు పుండును గూర్చి ఈ అనుమానము. 1924లో ఈ పదార్థపు విషము శరీరమంతట వ్యాపించిన సంగతి తొలిసారిగా ఆంగ్ల వైద్యపత్రిక కెక్కినదియు ఈ వృత్తిలోని వ్యక్తిని గూర్చియే. మన పట్టణములలోని క్షౌరశాలలలో రంగు కలుపు పడుచువాని చేతులు చూడుడు: గోళ్ళు నల్లబడి, వ్రేళ్ళసందులు పగిలి యుండును. పెట్టెలో నిచ్చు పలుచని చేతితొడుగులు ఒక్క తలకే సరిపోవును. విడిగా కొనుటకు యజమాని మొగము చిట్లించును. ఒక జత తొడుగుల ఖరీదు తలరంగు కూలిలో ఎన్నవ వంతు? రంగు వేయించుకొను పెద్దమనుష్యుడు “తొడుగు వేసికొని వేయుము, దాని ఖరీదు నేనిచ్చెద” నని ఒక్క మాట అన్నచో ఏ చట్టమును అక్కరలేదు. నాయీబ్రాహ్మణ సంఘములు కూడ తమ సభలలో ఈ విషయమును చర్చకు తేవలయును.

ఇక గోరింటాకు పేర జరుగు మోసము. గోరింటలో లాసోను అను సహజవర్ణము కలదు. అది వెండ్రుకకు, చర్మమునకు ఎఱుపు పసుపు కలిసిన రంగు నిచ్చును. నలుపును ఎన్నటికి నీయదు. మన ఆడపడుచులకు ఆషాఢమాసమున ఈ సంగతి ఎవరును నేర్ప నక్కరలేదు. అట్లయినపుడు “నల్లగోరింట” యను పొట్లము అరగంటలో నల్లగా చేయుచున్నదన్నచో అందులో గోరింట నామమాత్రము. పని చేయుచున్నది పారాఫినిలిన్‌డయమైను. సూడాను మొదలగు ఆఫ్రికాదేశములలో గోరింటతో ఈ పదార్థమును కలిపి పూయు వాడుక ఎందరికో ప్రాణాంతకమైనది. సంతలలోను, తీర్థములలోను పిల్లల చేతులపై నల్లగోరింటతో బొమ్మలు వేయువారు తెలియక చేయు అపకారము మఱియు పెద్దది. ఆ పసిచర్మము అప్పుడే శత్రుత్వమును నేర్చుకొని, ఇరువది ముప్పది యేండ్ల తరువాత మొదటిసారి తలరంగు వేసికొన్న దినమున పగ తీర్చుకొనును. అందుచేతనే ఐరోపాలోని తలరంగు పెట్టెలపై నల్లగోరింట బొమ్మలు వేయించుకొన్నవారు జాగ్రత్త పడవలయునని వ్రాయుచున్నారు. పదునారేండ్లలోపు వారు వాడరాదనియు చెప్పుచున్నారు.

నిజముగా ఆకులతోనే నలుపు కావలయునన్నచో మార్గమొకటి లేకపోలేదు: మొదట గోరింట, దానిపై నీలియాకు పొడి. ఇది ఓపిక గలవారి పని; గంటలు పట్టును; ఒకనాటి నలుపు మరునాటికి గాని తేరదు. నీలి మనకు పరాయిది కాదు. కడపజిల్లా నీలిమందు “కర్పా” అను పేర ఒకప్పుడు లండను వర్తకములో చెలామణి యయ్యెను. 1897లో జర్మనీవారు రసాయనశాలలో చేసిన నీలిని అంగడికి దించిన పిమ్మట మన నీలితొట్లు ఎండిపోయినవి. నేడు ఆ నీలియాకునే వెండ్రుకలకై కొనువారు దేశవిదేశములలో కలరు. రాయలసీమ రైతుకు ఇందులో నాలుగు రూపాయలు రాబట్టు త్రోవ యున్నదేమో వ్యవసాయశాఖవారు విచారింపదగును. కాని నీలియాకు పొడి యని చెప్పి అందులో పారాఫినిలిన్‌డయమైను చల్లి అమ్మువారిని పట్టుకొననిదే ఈ వ్యాపారమునకు పరువు నిలువదు. సీసపు లవణములతో మెల్లమెల్లగా నలుపెక్కించు ద్రవములను గూర్చి ఒక్క మాట చాలును: సౌందర్యద్రవ్యముల రంగునకై సీసమును వాడుట మన చట్టమున నిషిద్ధము.

మిక్కిలి దుఃఖకరమైన సంగతి యొకటి మిగిలినది. చౌకగా, ఏ చిల్లర కొట్టునందైన దొరకు ఈ రంగును మ్రింగి ఆసుపత్రులకు వచ్చినవారిని గూర్చి రాయలసీమలోను, తెలంగాణములోను గల పెద్ద ఆసుపత్రుల వైద్యులు ఈ శతాబ్దమున వ్యాసములు వ్రాయుచున్నారు. వారిలో పెక్కుమంది పడుచువారు. గొంతు, నాలుక వాచి ఊపిరి ఆడకపోవుటయు, కండరములు కరగి మూత్రపిండములు చెడుటయు ఈ విషమునకు ముఖ్యలక్షణములు. కడుపులో పడినది కొంచెమే గదా యని గాని, మనిషి మాటలాడుచునే యున్నాడు గదా యని గాని ఇంటివారు ఒక్క గడియయైనను ఆలసింపరాదు, ఇంటివైద్యములు చేయరాదు, పొట్లమును చేతబట్టుకొని పెద్దాసుపత్రికి పోవలయును. త్వరగా చేరినవారిని శ్వాసమార్గమును కాపాడియు, మూత్రపిండముల పనిని యంత్రముతో చేయించియు వైద్యులు బ్రతికించుచున్నారు. మనసు క్రుంగినవారు తెలుగున మాటలాడి ఊరట పొందుటకు 14416 అను ప్రభుత్వపు ఉచిత దూరవాణి సంఖ్య యున్నది. ఈ సంఖ్యను పాఠకులు తమ గ్రామచావడి గోడపై వ్రాయించినచో ఉపకారము చేసినవారగుదురు. ఇంటిలో రంగు పొట్లమును పసుపు కుంకుమల అలమరలో గాక, పురుగుమందుతో సమానముగా తాళము వేసిన చోట నుంచుట ధర్మము. పిల్లలున్న యింట చెప్పనే అక్కరలేదు.

ప్రభుత్వమును మేము అడుగునది క్రొత్త శాసనము కాదు; ఉన్న శాసనమును చదివి అమలుజరుపుమని మాత్రమే. చిన్న పొట్లమైనను దానిపై హెచ్చరిక తెలుగున, ధరను ముద్రించినంత లావు అక్షరములలో నుండవలయును. “మూలికలు”, “ప్రకృతిసిద్ధము”, “గోరింట” అను మాటలు ముందువైపున వేయుచో పారాఫినిలిన్‌డయమైను ఉన్నదను మాటయు ముందువైపుననే వేయవలయును. పరీక్షాకాలమును నలువదియెనిమిది గంటలకు పెంచవలయును. విషచికిత్సకు కావలసిన సూచన లోపలి కాగితముపై నుండవలయును. వీనిలో తుది మూడింటికి కేంద్రప్రభుత్వము నిబంధనలను సవరింపవలసియుండును. మొదటిదానికి రాష్ట్రములలోని ఔషధ నియంత్రణశాఖల తనిఖీదారులు నాలుగు అంగళ్ళు తిరిగిన చాలును. పాఠకులును ఊరకుండ నక్కరలేదు. తెలుగు హెచ్చరిక లేని పొట్లము చేతికి వచ్చినపుడు దానిపై నున్న తయారీదారుని పేరు, లైసెన్సు సంఖ్య, బాచి సంఖ్య, తయారైన నెల, కొన్న అంగడి పేరు ఒక కాగితముపై వ్రాసి, పొట్లమును జతపరచి, ఆంధ్రప్రదేశ్‌వారు విజయవాడలోని కార్యాలయమునకును, తెలంగాణమువారు హైదరాబాదులోని కార్యాలయమునకును పంపవచ్చును. రసీదును మాత్రము తమ వద్ద నుంచుకొనవలయును.